డాబా మీద గుసగుసలు

2021 మే నెల. రాత్రి పదకొండు దాటింది. వరంగల్ కాశీబుగ్గలో మా ఇంటి డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన చాప వేసుకుని కూర్చున్నాను. పగలంతా ఎండకు కాలిన గచ్చు చాపలోంచి కూడా చురుక్కుమంటోంది. చెవిలో ఇయర్‌ఫోన్లు, నోటికి అడ్డంగా చున్నీ. కింద మెట్ల దగ్గర నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఎవలతోని మాట్లాడుతున్నవే గింత రాత్రి?"

"ఆఫీస్ కాలమ్మా. అమెరికా వాళ్ళు."

అమ్మ ఇంకేం అడగలేదు. అమెరికాలో అప్పుడు పగలని అమ్మకు తెలుసు. అప్పటికి ఏడాదికి పైగా నడుస్తున్న వర్క్ ఫ్రమ్ హోమ్ మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. కానీ ఫోన్లో అటువైపున్నది అమెరికా కాదు, గోదావరిఖని.

ఆ రెండేళ్ళలో ఇంగ్లిష్ పత్రికల్లో ఈ సంగతి మీద తెగ రాశారు. కరోనాతో పరిచయాల తీరే మారిపోయిందట. కుర్రకారు కలుసుకోకుండానే నెలల తరబడి ఫోన్లో మాట్లాడుకుంటున్నారట, తొందర తగ్గి మనసు విప్పుకోవడం పెరిగిందట. దానికి వర్చువల్ డేటింగ్ అనీ స్లో డేటింగ్ అనీ పేర్లు కూడా పెట్టారు. 2020 మార్చి 29న ఒక్క రోజే 300 కోట్ల స్వైప్‌లు (నచ్చితే ఫోటోను కుడికి, నచ్చకపోతే ఎడమకు జరపడం) జరిగాయని, అప్పటి వరకు ఏ రోజూ అన్ని లేవని టిండర్ అనే డేటింగ్ యాప్ చెప్పుకుంది. ఇవన్నీ చదివి నేను నవ్వుకున్నాను. కలవకుండా నెలల తరబడి మాట్లాడుకోవడం, ముఖం కప్పుకుని బయట తిరగడం, ఒక బెంచీ మీద ఇద్దరు కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి లేపడం, ఇంట్లో వాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించడం. ఇందులో వరంగల్ ఆడపిల్లకు కొత్తదేముంది? బెంగళూరు, ముంబై వాళ్ళకు లాక్‌డౌన్ 2020 మార్చిలో వచ్చింది. ప్రేమ సంగతిలో మాకు అంతకు ముందు నుంచే నడుస్తోంది.

అందుకే డేటింగ్ యాప్‌ల లెక్కలు చూపించి కరోనా ప్రేమల్ని మార్చిందంటే నేను ఒప్పుకోను. మా దగ్గర అది మార్చింది ఇంటి హాల్లో జరిగే పెండ్లిచూపుల్ని. అది కూడా సగమే మార్చింది. ఆ మిగిలిన సగంతోనే నేనిప్పటికీ కొట్లాడుతున్నాను.

నేను హన్మకొండలో డిగ్రీ చదివింది 2011 నుంచి 2014 దాకా. అప్పుడు ఒక అబ్బాయితో కూర్చుని అరగంట మాట్లాడాలంటే ఉన్న చోట్లు లెక్కపెట్టుకోవచ్చు. పబ్లిక్ గార్డెన్, హంటర్ రోడ్డులో జూ, ఖిలా వరంగల్ రాళ్ళ మధ్య, ధైర్యముంటే కాకతీయ యూనివర్సిటీ లోపలి రోడ్లు. ఎక్కడికి పోయినా ఒక మేనమామో, మేనమామ బండి మెకానిక్కో కనిపించకుండా ఉండేవాడు కాదు. మా క్లాసులో ఒక పిల్ల జూలో ఎలుగుబంటి బోను ముందు నిలబడి ఉండగా వాళ్ళ వదిన ఫోన్ చేసి "ఎలుగుబంటి బాగున్నదా?" అని అడిగింది. ఆ వదినకు చెప్పిందెవరో ఇప్పటికీ తేలలేదు.

ఇక మాస్కు. స్కూటీ మీద పోయే ప్రతి అమ్మాయీ స్కార్ఫ్‌తో తల, ముఖం చుట్టేసి కళ్ళు మాత్రమే వదిలేది. దుమ్ముకని, ఎండకని చెప్పేవాళ్ళం. అది సగం నిజం. మిగతా సగం ఎందుకో కట్టుకునే వాళ్ళకూ తెలుసు, చూసేవాళ్ళకూ తెలుసు. 2020లో మాస్కు తప్పనిసరి అన్నప్పుడు నా స్నేహితురాలు ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది: "గీ మాస్కులు మనం పదేండ్ల కిందనే పెట్టుకున్నం గదనే!"

ఫోన్ మాటలూ అంతే. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా బ్యాలెన్స్ చూసుకుని మాట్లాడేవాళ్ళం. ఒక్క రింగు మిస్డ్ కాల్ అంటే ఇంటికి చేరాను, రెండంటే పక్కన ఎవరో ఉన్నారు, చేయొద్దు. ఈ విద్యలో మాకు ఎవరూ పాఠాలు చెప్పాల్సిన పని లేదు.

మరి కొత్త మనుషులను ఎలా కలిసేవాళ్ళం? ఈ ప్రశ్న అడిగే వాళ్ళందరూ కాఫీ షాపుల గురించి, పబ్బుల గురించి ఆలోచిస్తారు. మా దగ్గర కొత్త మనిషి పరిచయమయ్యేది పెండ్లిలో. లేదంటే జాతరలో, బతుకమ్మ ఆటలో, కాజీపేటలో ఎక్కే రైల్లో.

పెండ్లినే తీసుకోండి. వెయ్యి మంది వచ్చిన దావత్‌లో అసలు పని మండపం మీద జరగదు. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా లాక్కుని కూర్చున్న నడివయసు ఆడవాళ్ళ దగ్గర జరుగుతుంది. "గా ఆకుపచ్చ చీర కట్టుకున్న పిల్ల ఎవలమ్మాయి?" అన్న ఒక్క ప్రశ్నతో సంబంధం మొదలవుతుంది. ఆకుపచ్చ చీర పిల్ల ఏం చదివింది, వాళ్ళ నాయన ఏం చేస్తాడు, అన్న తాగుతాడా అన్నవన్నీ అన్నం తిని చేయి కడుక్కునే లోపల తేలిపోతాయి. నాకు తెలిసి మా బంధువుల్లో సగం పెండ్లిళ్ళు వేరే పెండ్లిళ్ళలోనే పుట్టాయి. మా అమ్మానాన్నల పెండ్లి కూడా.

2020 వేసవిలో పెండ్లికి 50 మందికి మించి రాకూడదన్నారు. 2021 మేలో రాష్ట్రంలో రెండోసారి లాక్‌డౌన్ పెట్టినప్పుడు అది 40కి దిగింది. 40 మంది అంటే రెండు వైపులా సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పంతులు, ఫోటోలవాళ్ళు. ఆ గుండ్రపు కుర్చీలవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళు ఇంట్లో కూర్చుని యూట్యూబ్ లింకులో తలంబ్రాలు చూశారు. లింకులో ఆకుపచ్చ చీర పిల్ల ఎవరని ఎవరిని అడుగుతారు? ఒక సీజన్ మొత్తం అలా పోయింది, తర్వాత ఇంకొకటి. డేటింగ్ యాప్‌కు స్వైప్‌లు పెరిగాయని రాసిన వాళ్ళు ఈ తెగిపోయిన గొలుసు గురించి ఒక్క ముక్క రాయలేదు. మా వైపు మ్యాట్రిమొనీ సైట్లు, కులం వారీ వాట్సాప్ గ్రూపులు ఇళ్ళల్లోకి జొరబడింది అప్పుడే. అంతకు ముందు వాటిని "పెండ్లి కానోళ్ళకు" అని చిన్నచూపు చూసిన మా చిన్నమ్మే 2020 జూలై కల్లా ఆరు గ్రూపుల్లో మెంబరు.

మేడారం గురించి చెప్పకుండా ఉండలేను. 2020 జాతర ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా. మేం చెట్ల కింద పరదా కట్టుకున్నాం. పక్క పరదా వాళ్ళది ఎక్కడో మహారాష్ట్ర సరిహద్దు అవతలి ఊరు. రెండు రోజులు ఒకే పొయ్యి మీద వండుకున్నాం. వాళ్ళ ముసలామె నా తలకు కొబ్బరి నూనె పెట్టింది. అమ్మవార్లకు తూకం వేసిన బెల్లంలో ముక్క విరిచి నా నోట్లో పెట్టింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు. జాతర ముగిసి ఆరు వారాలు తిరిగేసరికి మార్చి 22న జనతా కర్ఫ్యూ. ముక్కూ మొహం తెలియని మనిషి నా తల మీద చెయ్యి పెట్టడం మళ్ళీ ఎప్పుడు జరుగుతుందో అనుకుంటూ 25 తారీఖు హైదరాబాద్‌లో హాస్టల్ ఖాళీ చేసి, పోలీసు పాస్ కోసం ఎండలో నిలబడ్డాను.

ఆ ఏడాది అధిక ఆశ్వయుజం వచ్చి బతుకమ్మ పండుగ అక్టోబరులోకి జరిగింది. సద్దుల నాడు పద్మాక్షి గుండం దగ్గరకు పోయే వాళ్ళం, గల్లీలోనే ఆరుగురం చప్పట్లు కొట్టుకున్నాం. చుట్టూ నిలబడి, బతుకమ్మను చూస్తున్నట్టు నటించే మగపిల్లలు కూడా లేరు. చెప్పొద్దూ, అది కూడా వెలితిగానే అనిపించింది.

ఇక యాప్‌ల సంగతి. ఇందులో వరంగల్‌కు ఒక ప్రత్యేకమైన కథ ఉంది.

టిండర్ 2012 నుంచి ఉంది. నేను మొదటిసారి వేసుకున్నది 2018లో, హైదరాబాద్ హాస్టల్‌లో, రూమ్మేట్ పోరుకు. శనివారం ఇంటికి వచ్చి డాబా ఎక్కి తెరిస్తే ఐదు నిమిషాల్లో ప్రొఫైళ్ళు అయిపోయేవి. ఎవరిదో కారుకు ఆనుకుని నిలబడ్డ ఫోటోలు, లక్నవరం వేలాడే వంతెన మీద ఫోటోలు, ముఖం బదులు శివుడి బొమ్మలు. ఆడవాళ్ళ ప్రొఫైళ్ళు ఎలా ఉంటాయో ఒక స్నేహితుడి ఫోన్లో చూశాను. మందార పువ్వు, పిల్లి, మెహందీ పెట్టుకున్న చెయ్యి. ముఖం పెట్టే ధైర్యం ఎవరికుంది? స్క్రీన్‌షాట్ తీసి కాలేజీ గ్రూపులో వేస్తే పొద్దున్నే వార్త పోచమ్మ మైదాన్ దాటి పోతుంది. దూరం గీత 160 కిలోమీటర్ల దాకా లాగితే హైదరాబాద్ వచ్చి చేరేది. అందుకని అందరూ గీత చివరిదాకా లాగేవాళ్ళు. పక్క వీధి మనిషి కనపడితేనే భయం.

2020 ఏప్రిల్‌లో ఆ లెక్క తారుమారైంది. హాస్టళ్ళు మూసేసరికి మాదాపూర్, గచ్చిబౌలిలో ఉన్న వాళ్ళంతా ఇళ్ళకు వచ్చిపడ్డారు. నయీంనగర్, సుబేదారి, కాజీపేట, నక్కలగుట్ట. 145 కిలోమీటర్ల దూరంలో కనపడాల్సిన వాళ్ళు 4 కిలోమీటర్ల దూరంలో కనపడసాగారు. హైదరాబాద్‌లో ముఖం చూపించే అలవాటుతో పెట్టిన ఫోటోలు అలాగే ఉన్నాయి, మనుషులు మాత్రం అమ్మ చేతి పచ్చిపులుసు తింటూ హన్మకొండలో ఉన్నారు. నా జీవితంలో మొదటిసారి మా ఊళ్ళో నా ఈడు వాళ్ళు ఇంతమంది ఉన్నారా అనిపించింది. చదువైపోగానే ఊరు విడిచిపెట్టే వాళ్ళం కదా, ఒకరికొకరం ఎప్పుడు తెలుస్తాం? అదే ఏడాది జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ క్యాంపస్‌లు తెరిచారు. సాఫ్ట్‌వేర్ ఇక్కడికే వస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజులు. వైరస్ ఒక్క వారంలో సాఫ్ట్‌వేర్ వాళ్ళందరినీ తెచ్చి పడేసింది.

ఆ ఏప్రిల్‌లోనే టిండర్ పాస్‌పోర్ట్ అనే సదుపాయాన్ని కొన్నాళ్ళు ఉచితంగా ఇచ్చింది. ప్రపంచంలో ఏ ఊరినైనా ఎంచుకుని అక్కడి వాళ్ళతో మాట్లాడొచ్చు. ప్యారిస్‌కు పోవచ్చన్నారు. నేను పెట్టుకున్నది కరీంనగర్.

అక్కడి వాళ్ళు కూడా మూడో రోజుకు అదే అడిగారు. "మీరేమిటోళ్ళు?" మొదటి రోజు సినిమాలు, రెండో రోజు ఆఫీసు బాధలు, మూడో రోజు ఇంటిపేరు. కొందరు నేరుగా అడగలేక "మీ ఊళ్ళో మీ ఇల్లు ఏ వైపు?" అని తిప్పి అడుగుతారు. డేటింగ్ యాప్‌లో కులం గడి ఉండదు, మ్యాట్రిమొనీ సైట్‌లో ఉంటుంది. తేడా అక్కడికే. తర్వాత తెలుగు వాళ్ళ కోసమే 'నీతో' అనే యాప్ కూడా వచ్చింది. భాష కలిస్తే మాట సులువవుతుందన్నది నిజం. మా భాషలోనే ఆ మూడో రోజు ప్రశ్న మరీ సులువుగా వస్తుందన్నదీ నిజమే.

2022లో ఆఫీసులు వెనక్కి రమ్మన్నాయి. 4 కిలోమీటర్ల వాళ్ళు మళ్ళీ 145 కిలోమీటర్లయ్యారు. నా ఫోన్లో వరంగల్ రెండేళ్ళు వెలిగి ఆరిపోయింది.

నాకు మనిషి దొరికింది మాత్రం ఫోటోల యాప్‌లో కాదు. 2021 మే 21న క్లబ్‌హౌస్ మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చింది. మాకు లాక్‌డౌన్ మొదలై అప్పటికి పది రోజులు కూడా కాలేదు. పొద్దున ఆరు నుంచి పది దాకా మాత్రమే బయటకు వదిలేవారు. తర్వాత ఇరవై గంటలు ఇంట్లోనే. క్లబ్‌హౌస్‌లో వీడియో లేదు, టైపు చేసే గొడవ లేదు, ఒట్టి గొంతులు. రాత్రి పదయ్యేసరికి తెలుగు గదులు కిటకిటలాడేవి. ఒక గదిలో పాటలు, ఒక గదిలో రాజకీయం, ఇంకొక గదిలో ఆంధ్రా బిర్యానీ గొప్పదా తెలంగాణ బగారన్నం గొప్పదా అని తిట్టుకోవడం. అలాంటి ఒక గదిలోనే, ఎవరో 'బాయి' అంటే నుయ్యి అని చెప్పబోతే ఒక గొంతు నెమ్మదిగా అడ్డుపడింది. "మా దగ్గర బాయంటే బొగ్గు గని అన్నా. మా నాయన ముప్పై ఏండ్లు బాయిలకు దిగిండు."

ఆ గొంతే. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు. బడులు మూతపడి జీతం ఆగిపోయింది. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇస్తామంది కదా, ఆ బియ్యం కోసం లైన్లో నిలబడితే ముందు తన విద్యార్థి తండ్రి ఉన్నాడట. "సార్, మీరు ముందు తీసుకోన్రి" అని ఆయన పక్కకు జరిగితే ఏడుపొచ్చిందని రెండో రోజే నాకు చెప్పాడు. మగవాళ్ళు రెండో రోజు జీతం ఎంతో చెప్తారు కానీ ఏడ్చిన సంగతి చెప్పరు. ఎదురుగా కూర్చుని ఉంటే ఇతను కూడా చెప్పేవాడు కాదేమో. చీకటి, చెవిలో గొంతు, కనపడని ముఖం కలిసి ఆ మాట చెప్పించాయనుకుంటాను. పత్రికల వాళ్ళతో నేను ఏకీభవించే విషయం ఏదైనా ఉంటే ఇదొక్కటే.

ఆర్నెల్లు మాట్లాడుకున్నాం. వాళ్ళది రెండు గదుల సింగరేణి క్వార్టర్. అతనూ డాబా మీదికే ఎక్కేవాడు. నేను ఇక్కడ ట్యాంకు పక్కన, అతను అక్కడ టీవీ యాంటెన్నా పక్కన. మూడు నెలల దాకా 'మీరు' అనే అన్నాడు. టీచరు అలవాటు.

మొదటిసారి కలిసింది నవంబరులో, రామప్పలో. గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, కానీ మాకు పనికొచ్చింది మాత్రం 2021 జూలై 25. ఆ రోజు యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఎక్కడెక్కడి జనమో పాలంపేటకు రావడం మొదలుపెట్టారు. జనం ఎక్కువైతే దాక్కోవడం తేలిక. నేను హన్మకొండలో ములుగు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పోయాను. గైడు ఎవరికో నీళ్ళ మీద తేలే ఇటుకల గురించి చెప్తున్నాడు. నేను మదనిక శిల్పం కింద నిలబడి ఉన్నాను.

"వచ్చినవా!"

గుడి మారుమోగింది. గైడు మాట ఆపేశాడు. వెనక్కి తిరిగి చూస్తే మాస్కులో ఒక మనిషి. ఫోటోలు చూశాను కాబట్టి పోల్చుకున్నాను, కానీ ఆ గొంతు నాకు తెలియదు. ఆర్నెల్లుగా నేను విన్నది గుసగుసే. ఇంట్లో వాళ్ళు లేస్తారని సగం గాలి, సగం మాటగా వచ్చే గొంతు అది. ఈయన నలభై మంది పిల్లల క్లాసులో చివరి బెంచీకి వినపడేలా మాట్లాడే లెక్కల సారు. నా ప్రాణం ఉసూరుమంది. ఎవరితోనో మాట్లాడి ఇంకెవరినో కలవడానికి వచ్చినట్టుంది. మిర్చి బజ్జీ తిన్నాం, చాయ్ తాగాం, అతను మాట్లాడుతూనే ఉన్నాడు, నేను ఊ కొడుతూ ఉన్నాను. బస్సెక్కాక అతనే ఫోన్ చేశాడు. బస్సులో జనం ఉంటారని అలవాటుగా గొంతు తగ్గించి, "ఏమైంది, నచ్చలేదా?" అన్నాడు. అప్పుడు మళ్ళీ నా మనిషి దొరికాడు. ఆ పెద్ద గొంతు అలవాటు కావడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది.

వీడియో కాల్‌లో చూసుకుంటే మనిషి పూర్తిగా తెలిసిపోతాడని యాప్‌లు చెప్తాయి. 2020లో టిండర్ కూడా వీడియో పెట్టింది. కానీ నడక, చెమట వాసన, ఆటో డ్రైవరుతో బేరమాడే తీరు, నిజమైన గొంతు, ఇవేవీ అందులోంచి రావు.

ఇప్పుడు హాల్లోకి వస్తాను.

2020 ఆగస్టులో నాకు మొదటి వీడియో చూపులు జరిగాయి. అంటే గోదావరిఖని గొంతు ఇంకా పరిచయం కాకముందు. బాపు ఫోన్‌ను కందిపప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. అది జారి, అటు వాళ్ళకు ఐదు నిమిషాలు మా సీలింగ్ ఫ్యాన్ కనిపించింది. వాళ్ళ అమ్మ "కొంచెం లేచి నిలబడు బిడ్డా" అంది. లేచి నిలబడితే నా నడుము మాత్రమే కనిపించింది. వెనక్కి జరగమంది. గోడ దాకా జరిగాను. అన్నిటికంటే వింత ఏమిటంటే, అమ్మ నాలుగు కప్పుల చాయ్ పోసి ట్రేలో నా చేతికిచ్చింది. "అమ్మా, వాళ్ళు ఫోన్లో ఉన్నరు" అన్నాను. "ఏమో, తీసుకపో" అంది. నేను ట్రే పట్టుకుని వచ్చి ఫోన్ ముందు పెట్టాను. అటు వాళ్ళ అమ్మ కూడా కెమెరాకు తమ కప్పు చూపించి తాగింది. నవ్వు ఆపుకోలేక నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గనుకున్నారు.

తర్వాత జరిగింది మాత్రం నవ్వులాట కాదు. మామూలుగా అయితే చూపులప్పుడు పక్క గదిలో పది నిమిషాలు మాట్లాడుకోనిస్తారు. అది కూడా తలుపు తీసి ఉంచి. ఇప్పుడు కలిసే వీలు లేదు, ముహూర్తం ఎప్పుడో తెలియదు. దాంతో అటు వాళ్ళ నాయనే అన్నాడు, "పిల్లలను ఫోన్ల మాట్లాడుకోనియ్యుండ్రి" అని. మా బాపు నా నంబరు తానే చెప్పాడు. మిర్చి అడ్తిలో గుమాస్తా ఆయన, నంబర్లు రెండుసార్లు చదివి సరిచూసుకుంటాడు, అలాగే చదివాడు. నా నంబరు ఒక పరాయి మగవాడికి బాపు చెప్పడం! డిగ్రీలో నా ఫోన్లో తెలియని నంబరు కనపడితే అన్నం మానేసిన మనిషి.

మూడు వారాలు మాట్లాడాను. అబ్బాయి మంచివాడే. కానీ పెండ్లయ్యాక ఉద్యోగం అవసరమా అని మూడు రకాలుగా మూడుసార్లు అడిగాడు. నేను వద్దన్నాను. అమ్మ కారణం అడిగింది. "మాట్లాడినంక నచ్చలేదు" అన్నాను. బాపు కాసేపు మీసం దువ్వుకుని "సరే తీయి" అన్నాడు.

మా బంధువుల్లో అంతకు ముందు సంబంధం తప్పిపోవడానికి కారణాలు ఉండేవి. జాతకం, ఎత్తు, కట్నం, అటు వాళ్ళ మీద ఏదైనా పుకారు. 'మాట్లాడినంక నచ్చలేదు' అనేది ఆ జాబితాలో లేదు. ఎందుకంటే మాట్లాడటమే లేదు. మా అక్క పెండ్లికి ముందు బావతో మాట్లాడింది మొత్తం రెండుసార్లు, అందులో ఒకటి బట్టల దుకాణంలో. కరోనా తర్వాత మా ఇంట్లో ముగ్గురు పిల్లల పెండ్లిళ్ళు జరిగాయి. ముగ్గురూ రెండేసి నెలలు మాట్లాడుకున్నాకే పూలు పండ్లు పెట్టుకున్నారు. వైరస్ పోయింది కానీ ఈ పద్ధతి పోలేదు. వర్చువల్ డేటింగ్ అని ఎవరు పేరు పెట్టినా, మా దగ్గర అది నిలబడింది చాయ్ ట్రే పక్కన. నన్నడిగితే ఆ కాలం నుంచి మాకు మిగిలిన మేలు ఇదే.

నష్టాలు లేవని కాదు. మా చిన్నమ్మ కొడుకు 2021లో ఇంటర్ పరీక్ష రాయకుండానే అందరితో పాటు పాసయ్యాడు, డిగ్రీ మొదటి ఏడాది ఫోన్లో చదివాడు. అమ్మాయిలకు రాత్రంతా మెసేజ్‌లు పెట్టగలడు, కిరాణం షాపులో అమ్మాయిని చిల్లర అడగలేడు. వాడికి ఒక రాత్రి తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. అటువైపు ఒక ఆడ బొమ్మ. రెండు నిమిషాల కాల్‌ను రికార్డు చేసి, మీ వాళ్ళందరికీ పంపుతామని బెదిరించారు. 18,000 పంపాక ఏడుస్తూ నా దగ్గరకొచ్చాడు. ఇంట్లో చెప్పలేదు. ఇద్దరం కూర్చుని సైబర్ క్రైమ్ వాళ్ళకు ఫిర్యాదు చేశాం. ఇప్పుడా నంబరు 1930, రాసి పెట్టుకోండి. డబ్బులు రాలేదు. వాడు మోసపోవడానికి ఒంటరితనం ఒక కారణమైతే, ఆడపిల్లతో మామూలుగా మాట్లాడటం ఎవరూ నేర్పకపోవడం ఇంకొకటి. రెండోదానికి కరోనాను అనలేం.

ఇక నేను కొట్లాడుతున్న సగం.

2022 దసరా తర్వాత ఇంట్లో చెప్పాను. గోదావరిఖని, లెక్కల సారు, వేరే కులం. బాపు అరవలేదు. అరిచినా బాగుండేది. "మాట్లాడుకొమ్మన్న, గని ఎవలతోని పడితే వాల్లతోనా?" అన్నాడు. తాను నంబరు ఇచ్చిన మనిషితో మూడు వారాలు మాట్లాడి వద్దంటే సరే అన్నవాడు, పదిహేడు నెలలు మాట్లాడి కావాలంటే ఒప్పుకోలేదు. వద్దనడానికి నా మాట చాలింది, కావాలనడానికి చాలలేదు. మాట్లాడుకోవడానికి తలుపు తెరుచుకుంది కానీ ఆ తలుపులోంచి ఎవరు రావాలన్నది ఇంకా బాపు చేతిలోనే ఉంది. డేటింగ్ యాప్‌లు మన సమాజాన్ని మార్చేశాయని హైదరాబాద్‌లో మా ఆఫీసు స్నేహితులు అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. యాప్‌కు తెలిసింది దూరం ఒక్కటే. కాశీబుగ్గ నుంచి గోదావరిఖనికి ఉన్న అసలు దూరం దానికి తెలియదు.

రిజిస్టర్ పెండ్లి చేసుకోమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, 30 రోజుల నోటీసు పెట్టి చేసుకోవచ్చు. ఆ చట్టం నాకు తెలుసు. అమ్మ ఆ 30 రోజులూ ఏం తింటుందో కూడా తెలుసు.

అలా రెండేళ్ళు గడిచాయి. చిన్నమ్మ తన ఆరు గ్రూపుల నుంచి బయోడేటాలు పంపుతూనే ఉంది. అతను గ్రూప్స్‌కు చదువుతూనే, మళ్ళీ బడికి పోతున్నాడు. మేం డాబాల మీద మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఇప్పుడు అమెరికా పేరు చెప్పకుండా.

పోయిన నెల ఒక ఆదివారం. మార్కెట్ సెలవు. బాపు అన్నం తిని, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు.

"గా సారు నంబర్ చెప్పు."

చెప్పాను. తన ఫోన్లో ఒక్కో అంకె నొక్కాడు, రెండోసారి చదివి సరిచూసుకున్నాడు. తర్వాత మెట్లెక్కి పైకి పోయాడు. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అమ్మ స్టవ్ ఆపేసింది, చప్పుడు కాకుండా.

ముప్పై ఏళ్ళు ఎనుమాముల యార్డులో మిర్చి ఘాటు మధ్య అరిచిన గొంతు బాపుది. గుసగుస ఎట్లుంటుందో ఆయనకు తెలియదు. ట్యాంకు పక్కన నిలబడి మాట్లాడుతుంటే ఎదురింటి వాళ్ళు కూడా కిటికీలోకి వచ్చారు.

"ఆఁ, హలో! నేను కాశీబుగ్గ నుంచి మాట్లాడుతున్న! ... ఆఁ ఆఁ, బాపునే! ... గదంతా తర్వాత, ముందు గిది చెప్పు. మీ నాయన ఏ బాయిల చేసిండు? ... ఏందీ? ... లెవెన్ ఇంక్లైనా?"